రేవులో వెనక్కిచ్చిన సుంకం

ఆడమ్ స్మిత్ 1776 మార్చిలో వెలువరించిన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' నాలుగో భాగంలో నాలుగో అధ్యాయానికి 'డ్రాబ్యాకుల గురించి' అని పేరు. ఇవాళ్టి డిగ్రీ విద్యార్థి ఆ శీర్షిక చూస్తే వర్తకంలోని లోపాలన్నీ అందులో ఏకరువు పెట్టి ఉంటారనుకుంటాడు. అలా అనుకోవడం సహజమే. సినిమా బాగుంది గానీ సెకండాఫ్ నిడివి డ్రాబ్యాక్ అంటారు. సంబంధం మంచిదే, ఊరు మరీ దూరం కావడమొక్కటే డ్రాబ్యాక్ అంటారు. తెలుగువాళ్ల నోట ఆ మాట నలిగింది ఈ అర్థంలోనే. స్మిత్ అధ్యాయంలో మాత్రం లోపాల ఊసే లేదు. అక్కడున్నదంతా రేవు లెక్క. ఓడలో దిగిన సరుకుకు సుంకం కట్టి, అదే సరుకును మళ్లీ ఓడెక్కించి పరదేశానికి పంపితే, కట్టిన సుంకంలో ఎంత వాపసు రావాలన్నది అక్కడి చర్చ. ఆ వాపసు సొమ్మునే అప్పట్లో డ్రాబ్యాక్ అనేవారు.

విశాఖపట్నం రేవులో సరుకు పంపించే ఏజెంట్లు ఇప్పటికీ అంటున్నది అదే. వాళ్లకది లోపం కాదు, రాబడి.

ఈ ఆచారానికి ఇంగ్లండులో గట్టి చట్టం 1660లో వచ్చింది. రెండో చార్లెస్ రాజు సింహాసనం ఎక్కిన ఏడాది అది. ఖజానా నింపడానికి పార్లమెంటు అప్పుడు పెట్టిన సుంకానికి తర్వాతి కాలంలో 'పాత సబ్సిడీ' అనే పేరు స్థిరపడింది. పౌండు విలువకు 12 పెన్నీలు, అంటే నూటికి ఐదు చొప్పున వసూలు చేసేవారు. ఏ సరుకు ఏ విలువ చేస్తుందో చెప్పే పట్టీ చట్టానికి జోడించారు. దాంతోపాటే ఒక వెసులుబాటు కూడా ఇచ్చారు. తెచ్చిన సరుకు దేశంలో అమ్ముడుపోకుండా బయటికి వెళ్లిపోతే సుంకంలో సగం తిరిగి ఇస్తారు. ఇంగ్లండు వర్తకుడికి దానికి 12 నెలల గడువుంది, పరదేశి వర్తకుడికి 9 నెలలే. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటిగా పెట్టిన కొత్త సుంకాలను ఎగుమతి మీద దాదాపు పూర్తిగానే వాపసు చేసేవారు.

దీని వెనకున్న ఆలోచన సబబైనదే. లండన్ రేవుకు చేరే మిరియాలు, చక్కెర, పొగాకు, నూలు బట్టలు ఇంగ్లండు ఒక్కటే వాడి ఖర్చు చేయగలిగినన్ని కావు. మిగిలినవాటిని ఐరోపా దేశాలకూ, ఆఫ్రికాకూ, అమెరికా వలసలకూ అమ్ముకోవాలి. లండన్లో కట్టిన సుంకం సరుకు వెంట అంటుకునే పోతే ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చివాడు అదే సరుకు చౌకగా అమ్ముతాడు. ప్రజలు వాడుకునే వస్తువు మీదే పన్ను, రేవు దాటి పోయే వస్తువు మీద పన్ను వద్దు అన్నది సూత్రం.

సూత్రం ఒక వాక్యంలో ఇమిడింది గానీ అమలుకు కాగితాల కట్టలు కావలసి వచ్చాయి. దిగుమతి నాడు సరుకు తూచి, సుంకం కట్టించుకుని, పద్దు రాసుకునేవారు. ఎగుమతి నాడు ఇది ఆ సరుకేనని వర్తకుడు ప్రమాణం చేయాలి. మళ్లీ ఈ దేశపు ఒడ్డున దించనని పూచీ పత్రం రాయాలి. అధికారి ఓడలో మూటలు సరిచూశాక, ఇంత సొమ్ము ఇవ్వవలసి ఉందని ఒక పత్రం ఇచ్చేవారు. దాని పేరు డిబెంచరు. షేర్ మార్కెట్ వార్తల్లో ఇప్పుడు వినపడే ఆ మాట అప్పట్లో రేవు గుమాస్తాల రోజువారీ పనిలో ఉండేది.

ఈ లెక్కల్లో తెలుగు నేల సరుకు మొదటి నుంచీ ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో కృష్ణా డెల్టా తీరానికి వచ్చింది. అందులోని వర్తకులు ముందు నిజాంపట్నంలో, తర్వాత మచిలీపట్నంలో దిగారు. డచ్చివాళ్లు మచిలీపట్నానికి అంతకు ముందే, 1606లోనే వచ్చి కూర్చున్నారు. వీళ్లందరినీ లాగింది అద్దకపు బట్ట. ఆ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరువేరు నుంచి తీసిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. ఐరోపాలో అప్పటికి ఆ పనితనం ఎవరికీ పట్టుబడలేదు. కలంతో గీసి, అచ్చుతో అద్ది, కాలువ నీళ్లలో ఉతికి ఎండబెట్టిన ఆ చీటి గుడ్డలు లండన్ ఇళ్లలో పరుపుల మీదికీ, కిటికీ తెరలకూ, చివరికి ఆడవాళ్ల గౌన్లకూ చేరాయి.

దాంతో ఇంగ్లండు ఉన్ని, పట్టు నేతగాళ్లకు పని తగ్గింది. గొడవలు జరిగాయి. పార్లమెంటు 1700లో చట్టం చేసి, 1701 సెప్టెంబరు నెలాఖరు నుంచి భారత, చైనా, పర్షియా దేశాల అద్దకపు నూలు బట్టలనూ పట్టు బట్టలనూ ఇంగ్లండులో కట్టడం నిషేధించింది. 1721లో చేసిన మరో చట్టం ఆ కట్టు ఇంకా బిగించింది. అయినా నిషేధం ఇంగ్లండులో కట్టుకోవడం మీదే గానీ తేవడం మీద కాదు. ఆ బట్టలను తెచ్చి గిడ్డంగిలో పెట్టి, తాళం వేసి, మళ్లీ ఓడెక్కించి బయటి దేశాలకు పంపవచ్చు. వాటి మీద నిలిచే సుంకం కూడా తక్కువే. అలా కంపెనీ రాబడి ఆగలేదు. మచిలీపట్నం మూట థేమ్స్ నది ఒడ్డున దిగి, అక్కడ ఎవరి ఒంటి మీదికీ చేరకుండానే పశ్చిమాఫ్రికాకో కరీబియన్ దీవులకో సాగిపోయేది. పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులను కొని బానిసలుగా తరలించిన ఓడలు బదులుగా ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలు బట్టలది ముఖ్యమైన వాటా. కోరమాండల్ తీరపు నేతను ఆ వ్యాపారానికి అందించినవాటిలో ఈ వాపసు ఏర్పాటు ఒకటి. ఆ సంగతిని దాటేసి కలంకారీ వైభవం గురించి మాత్రమే చెప్పుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు.

తెల్లబట్ట కథ ఇంకోలా నడిచింది. నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో కంపెనీకి స్థావరం ఉండేది. ఇంగ్లీషువాళ్లు దాన్ని మడపొల్లం అన్నారు. అక్కడి నుంచి వెళ్లిన తెల్ల నూలు బట్టకూ అదే పేరు అంటుకుని, ఐరోపా బట్టల వర్తకంలో చాలాకాలం నిలిచిపోయింది. 1764లో బ్రిటిష్ ప్రభుత్వం డబ్బుకు కటకటలాడుతూ, అమెరికా వలసలకు పోయే ఐరోపా, ఈస్టిండియా సరుకుల మీద పాత సబ్సిడీ వాపసును ఎత్తేసింది. ఆ దెబ్బ నుంచి తప్పించుకున్నవి మూడే: ద్రాక్షసారా, తెల్ల నూలు బట్ట, మస్లిను. తెల్లబట్టను మినహాయించమని అడిగే పలుకుబడి లండన్లో ఉంది. దాన్ని నేసినవాడికి వాపసు అనేది ఒకటుందని కూడా తెలిసే దారి లేదు. బయానా తీసుకుని మగ్గం ఎక్కే నేతగాడికి దక్కింది ఒప్పుకున్న కూలి, అదీ దళారి కోత పోగా మిగిలింది. సుంకం కట్టిన చేతికే వాపసు అన్నది చట్టం. సుంకం బరువు నిజానికి ఎవరి మీద పడిందో ఆ చట్టం అడగదు.

బట్టల కంటే పెద్ద మొత్తాలు చేతులు మారింది పొగాకులో. వర్జీనియా, మేరీలాండ్ వలసల నుంచి ఏటా 96,000 పీపాల పొగాకు బ్రిటన్‌కు వస్తుందనీ, దేశంలో ఖర్చయ్యేది 14,000 పీపాలకు మించదనీ స్మిత్ రాశాడు. మిగిలిన 82,000 పీపాలూ బయటికి పోవలసినవే. అవి చిన్న పీపాలు కావు, ఒక్కోదాంట్లో సుమారు వెయ్యి పౌన్ల బరువు ఆకు పట్టేది. తోటలో ఆకు కొన్న ధర కంటే రేవులో దాని మీద పడే సుంకం ఎక్కువ. అంత సుంకం కట్టి, కొన్ని నెలల తర్వాత అంతా వెనక్కి తీసుకునే వ్యాపారంలో నిజాయితీగా ఉండాలంటే మనసు చాలా గట్టిది కావాలి.

మోసం చేసే దారులు పుష్కలంగా ఉండేవి. దిగుమతి నాడు గుమాస్తా చెయ్యి తడిపి బరువు తక్కువ రాయించి, ఎగుమతి నాడు అసలు బరువు రాయిస్తే, ఎన్నడూ కట్టని సుంకం వాపసు వస్తుంది. మంచి ఆకు దేశంలో అమ్మేసి, పీపాల్లో కాడలూ పొడీ కూరి పంపినా వాపసు వస్తుంది. అన్నిటికంటే సాహసమైనది మూడో దారి. ఓడ పద్దు ప్రకారం విదేశానికి బయల్దేరుతుంది, డిబెంచరు సొమ్ము చేతికొస్తుంది, చీకటి పడ్డాక అదే సరుకు ఏదో మారుమూల పాయలో తిరిగి ఒడ్డెక్కుతుంది. ఇప్పుడది సుంకం లేని పొగాకు. నిజాయితీగా కట్టిన దుకాణదారు దాని ధరతో పోటీ పడలేడు. గ్లాస్గో వర్తకులు తూకాల్లో మోసం చేసి తమ నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారని ఇంగ్లండు రేవులు ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశాయి. 1723లో స్కాట్లండు సుంకాల శాఖ ఏర్పాటునే మార్చి కట్టుదిట్టం చేయవలసి వచ్చింది.

ఈ దొంగ రవాణాకు నడి సముద్రంలో ఒక మజిలీ కూడా ఉండేది. ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్యనున్న మ్యాన్ ద్వీపం అథోల్ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. బ్రిటిష్ సుంకాలు అక్కడ చెల్లవు. అంటే చట్టం కంటికి అది పరదేశమే. అక్కడికి పంపిన సరుకుకు డ్రాబ్యాక్ తీసుకుని, అక్కడి నుంచి చిన్న పడవల్లో రాత్రికి రాత్రే లాంకషైర్, గాలోవే తీరాలకు తిరిగి చేర్చేవారు. ఈ బెడద భరించలేక 1765లో పార్లమెంటు 70,000 పౌండ్లు ఇచ్చి ఆ ద్వీపపు హక్కులు కొనేసింది. వాపసు మోసాన్నీ దొంగ రవాణానూ ఆపడానికి ఒక ప్రభుత్వం ఏకంగా దీవినే కొనుక్కోవడం చరిత్రలో తరచుగా కనిపించే విషయం కాదు.

అంతకు ముందే బ్రిటన్ ప్రధాని రాబర్ట్ వాల్పోల్ వేరే మందు సూచించాడు. పొగాకు, ద్రాక్షసారా రేవులో దిగగానే ప్రభుత్వ తాళం పడిన గిడ్డంగిలోకి వెళ్లాలి. దేశంలో అమ్మడానికి బయటికి తీసిననాడే పన్ను కట్టాలి, విదేశానికి పోయేదానికి పన్నే లేదు. ముందు కట్టించుకోవడం లేదు కాబట్టి వెనక్కి ఇవ్వడమూ లేదు, మోసానికి సందూ లేదు. 1733లో అతను ఈ బిల్లు తెస్తే దేశమంతా భగ్గుమంది. ఎక్సైజు ఉద్యోగులు ఇళ్లలో చొరబడతారని ప్రచారం సాగింది. వీధుల్లో వాల్పోల్ దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఏప్రిల్ నాటికి బిల్లును మూలన పడేయక తప్పలేదు. అదే ఆలోచన 70 ఏళ్ల తర్వాత, 1803 గిడ్డంగుల చట్టంగా పెద్ద గోలేమీ లేకుండా అమల్లోకి వచ్చింది. అప్పటికి లండన్లో ఎత్తైన గోడల మధ్య వెస్టిండియా డాకులు కట్టేశారు. పద్ధతి మంచిదైనా, దాన్ని నమ్మే రోజు రావడానికి మూడు తరాలు పట్టింది.

స్మిత్ తీర్పు ఏమిటి? ఎగుమతికి ఇచ్చే ప్రోత్సాహాలన్నిటిలో డ్రాబ్యాకులే సబబైనవని అతని అభిప్రాయం. అవి పెట్టుబడిని పక్కదారికి లాగవు, పన్ను వల్ల పక్కదారి పట్టబోయేదాన్ని ఆపుతాయంతే. అయితే అతను ఒక గిరి గీశాడు. నిజమైన పరాయి దేశానికి పోయే సరుకుకే ఈ లాభం నిలుస్తుంది, తన వర్తకులకే గుత్తాధిపత్యం ఉన్న వలసలకు పంపేదాని మీద వాపసు ఇస్తే ఎగుమతి పెరగకుండానే ఖజానా తరగవచ్చు అన్నాడు. పొగాకు వాపసుల మోసాలనూ పేరెత్తి రాశాడు. రెండేళ్ల తర్వాత, 1778లో అతన్ని స్కాట్లండు సుంకాల కమిషనర్లలో ఒకడిగా నియమించారు. ఉద్యోగంలో చేరి నిషేధ సరుకుల పట్టీ చదివాక తన బట్టల పెట్టె తెరిచి చూసుకుంటే, మెడకు కట్టే గుడ్డల దగ్గర్నుంచి చేతి రుమాళ్ల దాకా నిషేధం కానిది దాదాపు ఏదీ లేదనీ, అన్నీ కాల్చేశాననీ 1780లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. స్వేచ్ఛా వాణిజ్యానికి ఆది గురువైన మనిషి కూడా చట్టాన్ని ఇంట్లో అంత శ్రద్ధగా పాటించాడు.

డ్రాబ్యాక్ చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టం ఒకటుంది గానీ, అందులో డ్రాబ్యాక్ పాత్ర ఉందని చాలామందికి తెలియదు. అది బోస్టన్ తేయాకు గొడవ. బడిలో చెప్పే కథ ప్రకారం బ్రిటన్ తేయాకు మీద పన్ను పెంచింది, అమెరికన్లు ఎదురు తిరిగారు. జరిగింది అది కాదు. 1767లో బ్రిటన్ ఆర్థిక మంత్రి టౌన్షెండ్ తేయాకు మీద పౌను బరువుకు 3 పెన్నీల పన్ను వలసల్లో విధించాడు. అదే ఏడాది మరో చట్టం, అమెరికాకు పోయే తేయాకు మీద లండన్లో కట్టిన సుంకాన్ని ఐదేళ్లపాటు వాపసు చేయమంది. దొంగచాటుగా వచ్చే డచ్చి తేయాకుతో కంపెనీ సరుకు పోటీ పడాలని ఆ ఏర్పాటు. 1772లో గడువు తీరింది, వాపసును అయిదింట మూడు వంతులకు తగ్గించారు.

కంపెనీకి ఆ దెబ్బ తగిలింది సరిగ్గా కాలు జారిన సమయంలో. 1765లో బెంగాల్ దివానీ (పన్నులు వసూలు చేసే హక్కు), 1766లో నిజాంతో ఒప్పందం మీద ఉత్తర సర్కారులు చేతికొచ్చాయని లండన్లో వాటాదారులు పండగ చేసుకున్నారు, డివిడెండు పెంచుకున్నారు. 1770 కరవు బెంగాల్‌ను తుడిచిపెట్టింది. 1772లో లండన్ అప్పుల మార్కెట్ కుప్పకూలింది. కంపెనీ గిడ్డంగుల్లో కోటీ డెబ్బై లక్షల పౌన్లకు పైగా తేయాకు అమ్ముడుపోకుండా పేరుకుంది. కంపెనీ ప్రభుత్వం దగ్గర 14 లక్షల పౌండ్ల అప్పుకు చెయ్యి చాచింది. అప్పుతో పాటు భారత పాలన మీద అదుపు పెట్టే రెగ్యులేటింగ్ చట్టం వచ్చింది. అదే 1773లో తేయాకు చట్టమూ వచ్చింది. అమెరికాకు పంపే తేయాకు మీద సుంకమంతా డ్రాబ్యాక్, కంపెనీయే నేరుగా అక్కడ అమ్ముకునే వీలు. వలసల్లో కట్టే 3 పెన్నీల పన్ను మాత్రం అలాగే ఉంచారు.

ఫలితంగా తేయాకు చౌకైంది. అమెరికన్ల కోపం అందుకే మరింత రగిలింది. చౌక ధర చూపి, తాము ఒప్పుకోని పన్నును గొంతులో దించుతున్నారని వాళ్లు గ్రహించారు. అమ్మకం హక్కులు ఎంపిక చేసిన కొందరికే ఇచ్చారు, బోస్టన్లో ఆ కొందరిలో గవర్నరు హచిన్సన్ కొడుకులు ఇద్దరున్నారు. మిగతా వర్తకుల పొట్ట కొట్టినట్టయింది. 1773 డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల నుంచి 342 పెట్టెల తేయాకు రేవు నీళ్లలో కలిసింది. 92,000 పౌన్లకు మించిన బరువు అది. లండన్ ఖాతాలో వాపసు చేసిన సుంకం అట్లాంటిక్ అవతల ఒక విప్లవానికి దారి తీసింది.

ఇంతలో మాట అర్థం మెల్లగా పక్కకు జరుగుతోంది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో డ్రాబ్యాక్ అంటే తిరిగి చెల్లించే సొమ్ము అనే చెప్పాడు. కానీ ఇచ్చేవాడి వైపు నుంచి చూస్తే అదే సొమ్ము రాబడిలో కోత. వచ్చినదాంట్లోంచి తీసేయవలసిన భాగం అనే ఆ భావం రేవు దాటి మామూలు మాటల్లోకి వచ్చాక, సుఖంలోంచి, గుణంలోంచి, లాభంలోంచి తగ్గేదాన్ని కూడా అలాగే అనసాగారు. 18వ శతాబ్దంలో రెండర్థాలూ పక్కపక్కనే నడిచాయి. 19వ శతాబ్దం వచ్చేసరికి రేవు మనుషులకు ఒక అర్థం, లోకానికి ఇంకో అర్థం మిగిలాయి.

స్వతంత్రం తెచ్చుకున్న అమెరికా తేయాకు నీళ్లపాలు చేసింది గానీ డ్రాబ్యాక్‌ను మాత్రం వదల్లేదు. కొత్త కాంగ్రెసు 1789 జులై 4న చేసిన మొట్టమొదటి సుంకాల చట్టంలోనే అది ఉంది. ఏడాదిలోగా తిరిగి ఎగుమతి చేస్తే నూటికి ఒకటి మినహా అంతా వాపసు. ఫ్రాన్సుతో బ్రిటన్ యుద్ధాల కాలంలో ఆ ఏర్పాటు అమెరికన్ ఓడలకు బంగారు గని అయింది. శత్రువుల వలసల చక్కెర, కాఫీ అమెరికా రేవులో దించి, సుంకం కట్టి, మళ్లీ ఐరోపాకు పంపేవారు. మధ్యలో దిగింది కాబట్టి అది తటస్థ దేశపు సరుకని వాదన. 1805లో 'ఎసెక్స్' అనే ఓడ కేసులో బ్రిటిష్ అప్పీలు న్యాయస్థానం ఆ వాదన కొట్టేసింది. కట్టిన సుంకంలో చాలా భాగం వెనక్కే వచ్చినప్పుడు అది నిజమైన దిగుమతి కాదంది. ఆ తీర్పు తర్వాత అమెరికన్ ఓడలను వరసగా పట్టుకున్నారు. రెండు దేశాల మధ్య 1812 యుద్ధానికి దారి తీసిన కోపతాపాల్లో ఇదీ ఒకటి.

మాటకున్న రెండర్థాలూ ఒక్కచోట కలిసిన ఘట్టం 1872లో పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర జరిగింది. ఈసారి వాపసు ఇచ్చింది ప్రభుత్వం కాదు, రైలు కంపెనీలు. జాన్ రాక్‌ఫెల్లర్, అతని మిత్రులు సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పేరుతో మూడు పెద్ద రైలు కంపెనీలతో లోపాయికారీ ఒప్పందం కుదుర్చుకున్నారు. చమురు రవాణా రేట్లు అందరికీ పెంచుతారు, ఈ కంపెనీ సభ్యులకు మాత్రం తగ్గింపు ఇస్తారు. అంతవరకూ అది మామూలు పక్షపాతమే. అసలు విషం ఇంకో షరతులో ఉంది. న్యూయార్కుకు పంపే ముడిచమురు పీపాకు రేటు 2 డాలర్ల 56 సెంట్లు. సభ్యుల పీపాకు 1 డాలరు 6 సెంట్లు తగ్గింపు. సభ్యులు కాని పోటీదారులు పంపే ప్రతి పీపా మీద కూడా అంతే సొమ్ము రైలు కంపెనీ ఈ ముఠాకు చెల్లించాలి. దాని పేరు కూడా డ్రాబ్యాకే. ఎదుటివాడు పూర్తి కిరాయి కడతాడు, అందులోంచి వాపసు అతని శత్రువు జేబులోకి పోతుంది. అతను ఎంత ఎక్కువ చమురు పంపితే శత్రువు అంత బలుస్తాడు.

ఫిబ్రవరిలో కొత్త రేట్లు బయటపడగానే టైటస్‌విల్, ఆయిల్ సిటీ ఊళ్లు అట్టుడికాయి. బావుల యజమానులు ముఠాకు చుక్క చమురు అమ్మమని కట్టుబడ్డారు. ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా శాసనసభ ఆ కంపెనీ అనుమతి రద్దు చేసింది. ముఠాకు ఒక్క వాపసు కూడా దక్కకుండానే ఒప్పందం చచ్చింది. కానీ ఆ బెదిరింపు నీడలోనే రాక్‌ఫెల్లర్ క్లీవ్‌లండ్‌లోని 26 శుద్ధి కర్మాగారాల్లో 22 కొనేశాడు. ఆ వేసవిలో టైటస్‌విల్‌లో ఒక చమురు వ్యాపారి కూతురికి పద్నాలుగేళ్లు. పెద్దయ్యాక ఆమె, ఐడా టార్బెల్, రాక్‌ఫెల్లర్ కంపెనీ అయిన స్టాండర్డ్ ఆయిల్ చరిత్రను ఒప్పంద పత్రాలూ కోర్టు సాక్ష్యాలూ తవ్వి తీసి 1902 నుంచి పత్రికలో వరసగా రాసింది, 1904లో పుస్తకంగా తెచ్చింది. 1903లో ఎల్కిన్స్ చట్టం రైలు కిరాయిల్లో చాటుమాటు తగ్గింపులను నేరం చేసింది. ఒక లెక్కల మాట వెనక ఎంత బలప్రయోగం దాగి ఉండగలదో టార్బెల్ చూపినంత ఓపిగ్గా చూపినవాళ్లు అరుదు.

భారతదేశంలో ఈ ఏర్పాటు 1878 సముద్ర సుంకాల చట్టంతో స్థిరపడింది. దిగుమతి సరుకు తిరిగి బయటికి పోతే సుంకంలో ఎనిమిదింట ఏడు వంతులు వాపసు. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1962 కస్టమ్స్ చట్టంలో పదో అధ్యాయం పేరే డ్రాబ్యాక్. తెచ్చిన సరుకును తెచ్చినట్టే తిప్పి పంపితే 74వ సెక్షన్ కింద నూటికి 98 వంతులు వాపసు. తెచ్చిన ముడిసరుకుతో ఇక్కడ వస్తువు తయారుచేసి పంపితే 75వ సెక్షన్. ఎగుమతిదారులు ఎక్కువగా బతికేది ఈ రెండో దాని మీదే. ప్రతి మూటలో ఎంత దిగుమతి సరుకుందో లెక్కగట్టడం అసాధ్యం కనుక, పరిశ్రమ మొత్తానికి సగటు తీసి వస్తువు వారీగా రేట్లు ప్రకటిస్తారు. ఆ సగటు తనకు పడ్డ సుంకంలో అయిదింట నాలుగు వంతులకన్నా తక్కువైతే ఎగుమతిదారు తన సొంత లెక్క చూపి వేరే రేటు అడగవచ్చు. 76వ సెక్షన్లో మరో నిబంధన ఉంది. రావలసిన వాపసు కంటే సరుకు మార్కెట్ ధరే తక్కువైతే ఏమీ ఇవ్వరు. పొగాకు పీపాల్లో కూరిన కాడల కథ తెలిసినవాళ్లకు ఈ నిబంధన ఎందుకుందో వివరించనక్కర్లేదు. చవక చొక్కాకు పది రెట్లు ధర రాసి వాపసు దండుకునే కేసులు భారత రేవుల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక డ్రాబ్యాక్ చాలావరకూ దిగుమతి సుంకానికే పరిమితమైంది. అయినా గడ్డకట్టించిన రొయ్య ఆ రేట్ల పట్టికలో కొనసాగుతోంది. దేశంలో రొయ్యలు అత్యధికంగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. వనామీ రకం సాగు మొదలయ్యాక తల్లి రొయ్య ఎక్కువగా విదేశం నుంచే వస్తోంది, మేతలోనూ దిగుమతి దినుసులున్నాయి. 2024 బడ్జెట్‌లో తల్లి రొయ్యల మీదా మేత మీదా దిగుమతి సుంకాన్ని నూటికి 5కు తగ్గించారు. ఆ సుంకం మొదట కట్టేది హేచరీ, మేత మిల్లు. వాళ్లు దాన్ని పిల్ల ధరలో, మేత ధరలో కలిపి రైతు దగ్గర రాబట్టుకుంటారు. వాపసు మాత్రం షిప్పింగ్ బిల్లు మీద పేరున్న ఎగుమతిదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎగుమతిదారు తన పోటీ కోసం కొనుగోలు ధర పెంచితేనే అందులో కొంత భీమవరం చెరువు గట్టు దాకా వస్తుంది. పెంచి తీరాలన్న నిబంధన ఏదీ లేదు.

మచిలీపట్నం నేతగాడికి తెలిసే దారి లేని లెక్క ఇవాళ రహస్యం కాదు. వస్తువు వారీ రేట్లు గెజిట్‌లో అచ్చవుతాయి, ఎగుమతి విలువలో నూటికి ఇంత అని స్పష్టంగా ఉంటుంది. వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్యకు ఈ వారం కిలో ధరెంత అని కొనుగోలుదారులతో బేరం జరిగేటప్పుడు రైతు సంఘాలు మేత ధర, కరెంటు చార్జీ, అమెరికా సుంకం అన్నీ ఎత్తుతాయి. ఆ శాతం కూడా బల్ల మీద పెట్టి, తమ మేత బిల్లులో కలిసిపోయిన సుంకానికి బదులుగా వచ్చిన వాపసులో తమ వంతు ఎంతని అడగడానికి వాళ్లకు పూర్తి హక్కుంది.